‘పాజిటివ్’ అన్న ఒక్క మాటకు ఎన్ని అర్థాలు? గర్భానికి ముందు చేసే ఇన్‌ఫెక్షన్ పరీక్షల గురించి

మా పిన్ని కూతురు నిజాంపేటలో ఉంటుంది. వయసు 29. కిందటేడు మూడో నెలలో ఒకసారి కడుపు నిలవలేదు. మళ్లీ ప్రయత్నించే ముందు అన్ని పరీక్షలూ చేయించుకుందామని ఇంటి దగ్గరి ల్యాబ్‌లో రక్తం ఇచ్చింది. రాత్రి పదిన్నరకు రిపోర్టు ఫొటో నాకు వాట్సాప్‌లో పంపింది. వెనకాలే ఒక వాయిస్ మెసేజ్: “అక్కా, రెండు పాజిటివ్ వచ్చాయి. ఇప్పుడేం చేయాలి?” గొంతు వణుకుతోంది. ఫొటోలో రెండు వరుసలు ముదురు నల్లటి అక్షరాల్లో ఉన్నాయి. టాక్సోప్లాస్మా ఐజీజీ పాజిటివ్, సీఎమ్‌వీ ఐజీజీ పాజిటివ్. టాక్సోప్లాస్మా పిల్లుల నుంచి కూడా సోకే పరాన్నజీవి. తెల్లారేసరికి వాళ్లత్తగారు, నాలుగేళ్లుగా ఇంట్లో పెరుగుతున్న పిల్లిని అట్టపెట్టెలో పెట్టించి మియాపూర్‌లో తెలిసినవాళ్లింటికి పంపేశారు.

అదే కాగితంలో మామూలు అక్షరాల్లో ఇంకో వరుస ఉంది. రుబెల్లా ఐజీజీ నెగటివ్. దాని మీద ఎవరి చూపూ పడలేదు. నిజానికి ఆ రిపోర్టు మొత్తంలో పట్టించుకోవాల్సింది ఆ ఒక్క వరుసే.

ఈ తికమక ఆ ఒక్క ఇంటిది కాదు. పెళ్లయిన కొత్తలోనో, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నప్పుడో, ఒకసారి కడుపు పోయాకో మన హైదరాబాద్‌లో చాలామంది చేతికి ఇలాంటి ‘టార్చ్’ పరీక్షల కాగితమే వస్తోంది. పాజిటివ్ అంటే చెడు, నెగటివ్ అంటే మంచి అని కోవిడ్ రోజుల్లో మనందరి బుర్రల్లో గట్టిగా నాటుకుపోయింది. గర్భానికి ముందు చేసే పరీక్షల్లో ఆ లెక్క పనిచేయదు. ఒక వరుసలో పాజిటివ్ శుభవార్త, ఇంకో వరుసలో వైద్యం మొదలుపెట్టాలన్న కబురు, మరో వరుసలో ఎప్పుడో చిన్నప్పుడు జరిగిపోయిన సంగతి. వరుస వరుసకూ అర్థం ఎందుకు మారుతుందో మొదటి నుంచి చూద్దాం.

## టార్చ్ అనే పేరు ఎక్కడి నుంచి వచ్చింది

కథ 1941లో సిడ్నీలో మొదలవుతుంది. నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టర్ దగ్గరికి పుట్టుకతోనే కంట్లో శుక్లాలున్న పసిపిల్లలు వరసగా రావడం మొదలుపెట్టారు. అప్పటిదాకా అలాంటివి వంశంలో వచ్చే లోపాలనే వైద్యులు అనుకునేవారు. గ్రెగ్ తల్లుల్ని కూర్చోబెట్టి అడిగితే, గర్భం తొలి నెలల్లో ఒళ్లంతా సన్నటి దద్దుర్లు వచ్చి తగ్గిపోయాయని చాలామంది చెప్పారు. అంతకుముందు ఏడాది ఆస్ట్రేలియాలో రుబెల్లా ప్రబలింది. 78 మంది పిల్లల వివరాలతో ఆయన ప్రకటించిన పరిశీలన వైద్యశాస్త్రాన్ని ఒక మలుపు తిప్పింది. తల్లికి మూడు రోజుల్లో తగ్గిపోయే చిన్న జబ్బు, కడుపులో బిడ్డకు కళ్లూ గుండే పాడుచేయగలదని అప్పుడు తెలిసింది. వినికిడి కూడా పోతుందని తర్వాత తేలింది.

అలాంటి జబ్బులు మరికొన్ని ఉన్నాయని ఆ తర్వాతి దశాబ్దాల్లో గుర్తించారు. 1971లో అమెరికాలో ఆండ్రే నాహ్మియాస్ అనే పిల్లల వైద్యుడు, ఆయన సహచరులు వాటి మొదటి ఇంగ్లిష్ అక్షరాలు కలిపి టార్చ్ అన్నారు. టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగలో వైరస్, హెర్పిస్. మధ్యలో ‘ఓ’ అంటే ఇతరాలు. ఆ ‘ఇతరాల్లో’ సిఫిలిస్, ఆటలమ్మ లాంటివి వస్తాయి. సైటోమెగలో వైరస్‌నే ల్యాబుల్లో సీఎమ్‌వీ అంటారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ పేరు పుట్టింది జబ్బుతో పుట్టిన శిశువు ముందు నిలబడ్డ డాక్టర్ కోసం. ‘ఈ బిడ్డకు ఇలా ఎందుకైంది, ఏమేం వెతకాలి’ అన్న ప్రశ్నకు అది ఒక జాబితా. ఏ జబ్బూ లేని ఆడవాళ్ల రక్తంలో ముందుగానే వెతకడానికి తయారుచేసింది కాదు. ఇప్పటి గందరగోళంలో సగం ఇక్కడి నుంచే వచ్చింది.

## జీ అంటే జ్ఞాపకం, ఎమ్ అంటే ఇటీవలి అలికిడి

ఒంట్లోకి ఒక క్రిమి వస్తే దాన్ని ఎదుర్కోవడానికి శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుంది. మొదట వచ్చేవి ఐజీఎమ్. కొన్ని వారాల్లో అవి తగ్గుముఖం పడుతుంటే ఐజీజీ పుట్టి, చాలా జబ్బుల్లో జీవితాంతం ఉండిపోతుంది. ఒకసారి ఆటలమ్మ పోసినవాళ్లకు మళ్లీ సాధారణంగా పోయదని మన ఇళ్లలో అంటారే, అందుకు కారణం ఈ జ్ఞాపకమే. టీకా వేయించుకున్నా ఐజీజీ వస్తుంది.

అందుకని ఐజీజీ పాజిటివ్ అన్న మాటను ‘ఈ క్రిమి ఈ ఒంటికి పరిచయమే’ అని చదువుకోవాలి. రుబెల్లా విషయంలో అది రక్షణ ఉందన్న భరోసా. సీఎమ్‌వీ విషయంలో మన దేశంలో పెద్దయ్యేసరికి దాదాపు అందరికీ ఉండేదే, 10 మందికి చేస్తే 9 మందికి పైగా పాజిటివ్ వస్తుంది. పసితనంలో ఎప్పుడో మామూలు జలుబులా వచ్చి పోయి ఉంటుంది.

ఐజీఎమ్ పాజిటివ్ అంటే ఈ మధ్యే సోకిందని అర్థం కావాలి. పుస్తకంలో ఉన్నంత నేరుగా రిపోర్టులో ఉండదు. టాక్సోప్లాస్మా ఐజీఎమ్ కొందరిలో ఏడాది దాటినా పోదు. వేరే వైరస్ వచ్చినప్పుడు తయారైన యాంటీబాడీని ఈ పరీక్ష పొరపాటున లెక్కలోకి తీసుకోవచ్చు. కీళ్లవాతం ఉన్నవాళ్ల రక్తంలో ఉండే రుమటాయిడ్ ఫ్యాక్టర్ కూడా దీన్ని తప్పుదారి పట్టిస్తుంది.

## వెయ్యి మందితో ఒక లెక్క

పొరపాటు ఎంత జరుగుతుందో అంకెలతో చూస్తే బాగా తెలుస్తుంది. అంకెలు అర్థం కావడం కోసం అనుకున్నవే. ఏ లక్షణాలూ లేని 1000 మంది ఆడవాళ్లకు ఒక ఐజీఎమ్ పరీక్ష చేశారనుకుందాం. వాళ్లలో నిజంగా ఈ మధ్య ఆ జబ్బు సోకినవాళ్లు ఇద్దరు. పరీక్ష మంచిదే, జబ్బు లేని 100 మందిలో 98 మందికి సరిగ్గా నెగటివ్ అని చెబుతుంది. మిగిలిన ఇద్దరికి తప్పుగా పాజిటివ్ ఇస్తుంది.

జబ్బు లేనివాళ్లు 998 మంది. అందులో 2 శాతం అంటే సుమారు 20 మంది. నిజంగా సోకిన ఇద్దరినీ కలుపుకుంటే పాజిటివ్ కాగితం అందుకున్నవాళ్లు 22 మంది. ఆ 22 మందిలో జబ్బు ఉన్నది ఇద్దరికే. అంటే పాజిటివ్ అని చూసి ఏడ్చిన ప్రతి 11 మందిలో 10 మంది అనవసరంగా ఏడ్చారు.

ఇప్పుడు ఇదే పరీక్షను వేరేవాళ్లకు చేద్దాం. ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, చెవుల వెనక బిళ్లలు కట్టిన 1000 మంది. వీళ్లలో 300 మందికి నిజంగా ఆ జబ్బే ఉందనుకుంటే, తప్పుడు పాజిటివ్‌లు 14 మాత్రమే. 314 మందిలో 300 నిజం. పరీక్ష మారలేదు, కిట్ మారలేదు. ఎవరికి చేశామన్నది మారింది, దాంతో పాజిటివ్ అన్న మాట విలువే మారిపోయింది.

అందుకే అనుమానం ఉన్నప్పుడు డాక్టర్లు ఒక్క కాగితంతో ఆగరు. రెండు మూడు వారాల తేడాతో మళ్లీ రక్తం తీసి ఐజీజీ పెరుగుతోందా అని చూస్తారు. అవిడిటీ అనే ఇంకో పరీక్ష ఉంది. కొత్తగా పుట్టిన యాంటీబాడీకి క్రిమి మీద పట్టు తక్కువ, నెలలు గడిచేకొద్దీ పట్టు బిగుస్తుంది. పట్టు బలంగా ఉంటే ఇన్‌ఫెక్షన్ మూడు నాలుగు నెలల కంటే పాతదని అర్థం. రెండో నెల గర్భిణికి ఐజీఎమ్ పాజిటివ్ వచ్చినా అవిడిటీ ఎక్కువుంటే, అది గర్భం రాకముందు సంగతి. ఈ ఒక్క పరీక్ష ఎన్నో ఇళ్లలో టెన్షన్ తీర్చగలదు.

## రుబెల్లా: నెగటివ్ వస్తేనే పని ఉంది

మా చెల్లి కాగితంలో ఎవరూ చూడని వరుస ఇదే. గర్భం మొదటి 12 వారాల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డకు హాని జరిగే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది. 20 వారాలు దాటాక ఆ భయం బాగా తగ్గిపోతుంది. 1964–65లో అమెరికాలో రుబెల్లా విజృంభించినప్పుడు దాదాపు 20,000 మంది పిల్లలు చెవుడు, శుక్లాలు, గుండె లోపాల్లాంటి సమస్యలతో పుట్టారు. 1969లో అక్కడ టీకా వచ్చింది. కడుపులో బిడ్డకు ఒకసారి హాని జరిగాక దాన్ని వెనక్కి తిప్పే మందు మాత్రం ఈనాటికీ లేదు. రక్షణ అంతా ముందే ఉండాలి.

మన పిల్లలకు మీజిల్స్ రుబెల్లా టీకా వేయించడం కోసం పెద్ద కార్యక్రమం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 2017 ఆగస్టులో జరిగింది. 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ బడుల్లో, అంగన్‌వాడీల్లో వేశారు. ఆ తర్వాత అది మామూలు టీకాల పట్టికలో చేరింది. ఇప్పుడు చిన్న లెక్క. అప్పటికి 15 ఏళ్లు నిండినవాళ్లు, అంటే సుమారుగా 2002కు ముందు పుట్టినవాళ్లు, ఆ కార్యక్రమంలో లేరు. ఈ రోజు పిల్లల కోసం ఆలోచిస్తున్న చాలామంది ఆ వయసువాళ్లే. చిన్నప్పుడు ప్రైవేటులో రుబెల్లా కూడా కలిసిన ఎమ్‌ఎమ్‌ఆర్ టీకా వేయించుకున్నవాళ్లకు రక్షణ ఉంటుంది. కొందరికి సహజంగా జబ్బు వచ్చిపోయి ఉంటుంది. మిగిలినవాళ్లకు ఏమీ లేదు, ఆ విషయం వాళ్లకూ తెలియదు. ‘చిన్నప్పుడు తట్టు పోసింది కదా’ అన్న అమ్మ మాట మీద ఆధారపడటం కష్టం. దద్దుర్లు వచ్చే జబ్బులన్నిటినీ మన ఇళ్లలో ఒకే గాటన కట్టేస్తాం.

ఐజీజీ నెగటివ్ అయితే టీకా. ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరచి చేసిన టీకా కాబట్టి గర్భంతో ఉన్నప్పుడు వేయరు. వేశాక ఒక నెల గర్భం రాకుండా చూసుకోమంటారు. గర్భానికి ముందు పరీక్ష అన్న మాటకు అసలు బలం ఇక్కడే ఉంది. మూడో నెలలో రుబెల్లా ఐజీజీ నెగటివ్ అని తెలిస్తే డాక్టర్ చేయగలిగింది జాగ్రత్తలు చెప్పడం, కాన్పు అయ్యాక టీకా వేయడం. మూడు నెలల ముందే తెలిస్తే ఒక సూదితో పని అయిపోతుంది. గర్భం వచ్చిందని తెలియక టీకా వేయించుకున్నా, ఆ ఒక్క కారణానికి గర్భం తీయించుకోవాల్సిన పనిలేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఈ వాక్యం ఎక్కువమందికి చేరాలని నాకు ఆశ.

డాక్టర్లలో ఇక్కడ రెండు దారులున్నాయి. పరీక్ష చేసి, నెగటివ్ అయితేనే టీకా అనేవాళ్లు కొందరు. ‘రక్షణ ఉన్నవాళ్లకు ఇంకో డోసు పడితే నష్టమేమీ లేదు, పరీక్ష ఖర్చు దేనికి, నేరుగా టీకా వేద్దాం’ అనేవాళ్లు మరికొందరు. గర్భం లేదని ఖాయం చేసుకున్నాక రెండూ సమంజసమైనవే. ఇంగ్లండ్ ఇంకో మెట్టు ముందుకు వెళ్లి, 2016లో గర్భిణులందరికీ రుబెల్లా పరీక్ష చేయడమే మానేసింది. అక్కడ చిన్నప్పుడే టీకాలు పడి జబ్బు దాదాపు కనుమరుగైంది కాబట్టి పరీక్షతో ఒరిగేది తక్కువని లెక్క వేసుకున్నారు. టీకా అందని ఒక తరం ఉన్న మన దగ్గర ఆ లెక్క ఇప్పుడే కుదరదు.

ఆటలమ్మకూ ఇదే పద్ధతి. పోయకపోతే, ఐజీజీ లేకపోతే, నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడంతో రెండు డోసుల టీకా ఉంది. ఇదీ గర్భానికి ముందే వేయాలి, చివరి డోసు తర్వాత ఒక నెల ఆగాలి. గర్భంలో ఆటలమ్మ వస్తే బిడ్డకు లోపాలు రావడం అరుదే, కానీ తల్లికి న్యుమోనియా ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది.

## హెపటైటిస్ బీ, సిఫిలిస్, హెచ్‌ఐవీ: టార్చ్ కాగితంలో కనపడని ముఖ్యమైనవి

విచిత్రం ఏమిటంటే బిడ్డను కాపాడటంలో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడే మూడు పరీక్షలు ల్యాబులు అమ్మే మామూలు టార్చ్ ప్యాకేజీలో ఉండవు. వేలల్లో డబ్బు కట్టి టార్చ్ చేయించుకుని, ఇవి మాత్రం చేయించుకోని దంపతులను నేను చూశాను.

హెపటైటిస్ బీ తీసుకుందాం. పాజిటివ్ అన్న మాట ఒకే జబ్బులో రెండు రకాలుగా తిరగడం ఇక్కడ చూడొచ్చు. హెచ్‌బీఎస్ యాంటిజెన్ పాజిటివ్ అంటే వైరస్ ఒంట్లో ఉంది. యాంటీ హెచ్‌బీఎస్ పాజిటివ్ అంటే వైరస్‌ను ఆపే రక్షణ ఉంది. పేర్లు అన్నదమ్ముల్లా ఉంటాయి, అర్థాలు పూర్తిగా ఎదురు.

తల్లిలో వైరస్ చురుగ్గా ఉండి ఏ జాగ్రత్తా తీసుకోకపోతే కాన్పు సమయంలో బిడ్డకు సోకే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది. పెద్దయ్యాక సోకితే 100 మందిలో 95 మందికి పైగా దాన్ని వదిలించుకుంటారు. పుట్టగానే సోకిన బిడ్డల్లో 10 మందిలో 9 మందికి అది జీవితాంతం ఉండిపోయి, లివర్ చెడిపోవడానికీ క్యాన్సర్‌కూ దారితీయవచ్చు. తప్పించే దారి మాత్రం చాలా తేలిక. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా మొదటి డోసు, దాంతోపాటు వీలైనంత వరకు 12 గంటల్లోపే ఇమ్యునోగ్లోబులిన్ సూది. తల్లిలో వైరస్ మరీ ఎక్కువగా ఉంటే చివరి మూడు నెలల్లో టెనోఫోవిర్ మాత్రలు. ఇవన్నీ సిద్ధంగా ఉండాలంటే కాన్పు గదిలోకి వెళ్లకముందే ఆ ఒక్క పరీక్ష జరిగి ఉండాలి.

ఈ టీకాతో మన ఊరికి ప్రత్యేకమైన బంధం ఉంది. విదేశాల నుంచి దిగుమతి అయ్యే హెపటైటిస్ బీ టీకా సామాన్యుడికి అందని రోజుల్లో, వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దాన్ని ఇక్కడే తయారుచేసి తక్కువ ధరకు తెచ్చింది. జన్యు పరిజ్ఞానంతో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్ బీ టీకా అది. చిన్నప్పుడు వేయించుకోనివాళ్లు ఇప్పుడైనా మూడు డోసులు వేయించుకోవచ్చు. ఇది బతికున్న వైరస్‌తో చేసింది కాదు, మధ్యలో గర్భం వచ్చినా ఇబ్బంది లేదు.

సిఫిలిస్‌ను మన పెద్దలు సవాయి రోగం అనేవారు. పాత జబ్బు, పోయిందనుకుంటాం. పోలేదు. తల్లికి వైద్యం అందకపోతే గర్భస్రావం, బిడ్డ కడుపులోనే చనిపోవడం, పుట్టాక తీవ్రమైన జబ్బు, ఏదైనా జరగవచ్చు. జబ్బు తొలి దశలో ఉంటే ఒక్క పెన్సిలిన్ సూదితో నయమవుతుంది, ముదిరితే వారానికొకటి చొప్పున మూడు. ఇంత ప్రమాదానికి ఇంత చవకైన విరుగుడు ఉన్న జబ్బులు తక్కువ. పరీక్ష పేరు వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్. ఇందులోనూ తప్పుడు పాజిటివ్‌లు ఉంటాయి. మలేరియా, లూపస్ లాంటి జబ్బులు, ఒక్కోసారి గర్భమే అందుకు కారణం కావచ్చు. అందుకే టీపీహెచ్‌ఏ అనే రెండో పరీక్షతో ఖాయం చేసుకుంటారు. మళ్లీ అక్కడో చిక్కు. టీపీహెచ్‌ఏ ఒకసారి పాజిటివ్ వస్తే జబ్బు పూర్తిగా నయమైనా సాధారణంగా జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని మొగుడూపెళ్లాలు ఒకరినొకరు అనుమానించుకునే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

హెచ్‌ఐవీ గురించి భయం ఇప్పటికీ ఎక్కువ, తెలిసింది తక్కువ. ఏ వైద్యమూ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. మందులు సరిగ్గా వాడితే అది 5 శాతం లోపుకు, ఇంకా తక్కువకు పడిపోతుంది. గర్భానికి ముందే తెలిసి, మందులతో వైరస్ రక్తంలో కనపడనంతగా తగ్గాక గర్భం ప్లాన్ చేసుకున్న తల్లికి ఆరోగ్యంగా బిడ్డ పుట్టడం ఇప్పుడు మామూలు విషయం. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ సోకడాన్ని అరికట్టిన తొలి దేశంగా 2015లో క్యూబాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు ఇచ్చింది. గాంధీ, ఉస్మానియా లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ అనే హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం. ముందు మాట్లాడతారు, ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మనిషి సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు.

ఈ మూడింటినీ ఆమెకు మాత్రమే చేసి ఆగిపోతే సగం పనే జరిగినట్టు. ఇవి దంపతుల మధ్య సోకే జబ్బులు. ఆమెకు నెగటివ్ వచ్చి, అతనికి పరీక్షే చేయకపోతే, గర్భం మధ్యలో కొత్తగా సోకవచ్చు. ‘ఆయనకెందుకు, కనేది నేను కదా’ అన్న మాట నేను చాలాసార్లు విన్నాను.

## టాక్సో, సీఎమ్‌వీ, హెర్పిస్: నిపుణులే ఒక్క మాట మీద లేనిచోట

ఇప్పుడు ముదురు అక్షరాల్లో అచ్చైన వరుసలకు వద్దాం. టాక్సోప్లాస్మా సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, మట్టి, పిల్లి మలం ద్వారా సోకే పరాన్నజీవి. ప్రమాదం గర్భంలో ఉండగా మొదటిసారి సోకితేనే. ఐజీజీ ముందే పాజిటివ్ ఉన్న ఆరోగ్యవంతురాలికి ఆ భయం లేనట్టే. అంటే మా చెల్లి ఇంట్లో ఆ పిల్లి వల్ల అందరికంటే తక్కువ ప్రమాదం ఉన్నది మా చెల్లికే.

ఫ్రాన్స్‌లో 1978 నుంచి దీని కోసం పరీక్షలున్నాయి. రక్షణ లేని గర్భిణికి అక్కడ నెలనెలా రక్తం చూస్తారు, కొత్తగా సోకితే వెంటనే స్పిరామైసిన్ లాంటి మందులు మొదలుపెడతారు. పక్కనే ఉన్న బ్రిటన్‌లో అందరికీ పరీక్ష చేయరు. జబ్బు అరుదు, తప్పుడు పాజిటివ్‌లతో జరిగే నష్టం ఎక్కువ అన్నది అక్కడివాళ్ల వాదన. ఇద్దరి దగ్గరా ఆలోచన ఉంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఫ్రాన్స్ పద్ధతికి అర్థం ఉండాలంటే పరీక్ష నెలనెలా జరగాలి, అవిడిటీ చేసే ల్యాబ్ ఉండాలి, ఫలితం చదివే నిపుణుడు ఉండాలి. ఒక్కసారి చేసి వదిలేసే పరీక్ష ఆ పద్ధతి కాదు.

సీఎమ్‌వీ ఇంకా చిక్కుముడి. పుట్టుకతో వచ్చే చెవుడుకు ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి, తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. కానీ ఐజీజీ పాజిటివ్ ఉన్నవాళ్లలో కూడా వైరస్ నిద్ర లేవచ్చు, ఇంకో రకం సోకవచ్చు. దాదాపు అందరికీ ఐజీజీ ఉన్న మన దేశంలో తల్లి రక్తంలో ఐజీజీ చూసి బిడ్డ గురించి చెప్పగలిగింది చాలా తక్కువ. ముందే వేసే టీకా లేదు. పుట్టిన బిడ్డపై అనుమానం ఉంటే మూడు వారాల్లోపు లాలాజలం లేదా మూత్రం పరీక్షించడం దీనికంటే ఎంతో ఉపయోగం. చంటిపిల్లల ఎంగిలి, తడిసిన బట్టలు ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం వల్ల సోకే అవకాశం తగ్గుతుంది. ఇంతకుమించి మెరుగైన సాధనం ప్రస్తుతానికి లేదు.

హెర్పిస్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అసలు భయం కాన్పు సమయంలో తల్లికి జననాంగం దగ్గర ఈ వైరస్ పుండ్లు ఉంటేనే. రక్తంలో ఐజీజీ ఆ సంగతి చెప్పదు.

## కడుపు పోయాక టార్చ్ రాయడం

మన దగ్గర టార్చ్ ఎక్కువగా రాసేది ఇప్పుడే. రాసే డాక్టర్ల వైపు నుంచి కొన్ని మాటలున్నాయి. ముందే ఒక రికార్డు ఉంటే తర్వాత గర్భంలో దద్దుర్లు వచ్చినప్పుడు పోల్చుకోవచ్చు. ఒకసారి వచ్చిన పేషెంట్ మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి అన్నీ ఒకేసారి చేయించడం నయం. కారణం తెలియక కుమిలిపోతున్న దంపతులు ‘అన్నీ చేయండి డాక్టర్ గారూ’ అని వాళ్లే అడుగుతారు. ఇవి కొట్టిపారేసే మాటలు కావు.

ఎదుటి వాదనకు బలం ఇంకా ఎక్కువని నాకనిపిస్తుంది. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి పిండంలోని క్రోమోజోమ్‌ల తేడా కారణం. ఒక క్రిమి వల్ల మళ్లీ మళ్లీ గర్భస్రావం కావాలంటే అది ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి ఒంట్లో ఉండి ప్రతి గర్భాన్నీ దెబ్బతీయాలి. టాక్సో, రుబెల్లా, సీఎమ్‌వీ, హెర్పిస్ ఆ తరహావి కావు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రిషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2011 మార్గదర్శకాల్లో, పదేపదే గర్భస్రావం అయ్యేవాళ్లకు టార్చ్ చేయడం మానేయాలని సూటిగా రాసింది. మన దగ్గర నష్టం డబ్బుతో ఆగదు. ఐజీజీ పాజిటివ్ చూసి నెలల తరబడి అక్కర్లేని మందులు మింగినవాళ్లున్నారు. ఒక్క ఐజీఎమ్ కాగితం చూసి నిక్షేపంలాంటి గర్భం తీయించుకోవాలా అని రాత్రంతా కూర్చున్నవాళ్లున్నారు.

టార్చ్ పరీక్షలకు చోటు లేదని కాదు. గర్భిణికి దద్దుర్లతో జ్వరం వచ్చినప్పుడు, ఇంట్లో ఎవరికైనా రుబెల్లా వచ్చినప్పుడు, స్కానింగ్‌లో బిడ్డ మెదడులో తెల్లటి మచ్చలో, ఎదుగుదల లోపమో కనిపించినప్పుడు అవి చాలా విలువైనవి. వెయ్యి మంది లెక్కలో రెండో గుంపు గుర్తుంది కదా, వీళ్లు ఆ గుంపువాళ్లు.

## నిజాంపేట కాగితం సంగతి

మర్నాడు మా చెల్లి ఫోన్ చేస్తే రిపోర్టు వరుస వరుసా ఇద్దరం కలిసి చదివాం. “ఐతే ఆ రెండూ పాతవేనా అక్కా?” అని మూడుసార్లు అడిగింది. ఐజీఎమ్ రెండిటికీ నెగటివ్ ఉంది, పాతవే. రుబెల్లా వరుస చూపించాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇది నెగటివ్ కదా, మంచిదే అనుకున్నా” అంది.

ఆ వారంలోనే వాళ్ల గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లారు. డాక్టరమ్మ గర్భం లేదని చూసుకుని టీకా వేయించి, ఒక నెల ఆగమన్నారు. ఫోలిక్ యాసిడ్ మాత్ర అప్పటి నుంచే మొదలుపెట్టమన్నారు. ఇద్దరికీ హెచ్‌ఐవీ, వీడీఆర్‌ఎల్, హెచ్‌బీఎస్ యాంటిజెన్ రాశారు. అన్నీ నెగటివ్. మరిదికి హెపటైటిస్ బీ టీకా ఎప్పుడూ పడలేదని అప్పుడే తెలిసింది. మొదటి డోసు వేయించుకున్నాడు, ఇంకా రెండు ఉన్నాయి.

వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో టీకా వేయించుకున్న తేదీకి ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంది, నెల తర్వాతి తేదీకి ఇంకోటి. మధ్యలో ఒక ఆదివారం అత్తగారే మియాపూర్ వెళ్లి, అదే అట్టపెట్టెలో పిల్లిని వెనక్కి తెచ్చారు. దాని ఇసుక పెట్టె ఇప్పుడు రోజూ మరిదే శుభ్రం చేస్తున్నాడు.